మన తుమ్మెదను సరిగ్గా గీయడం, దానికి గూడు మిగల్చడం

దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ వైపు బడి గోడల మీదో, వ్యవసాయ ప్రదర్శనల బ్యానర్ల మీదో పరాగసంపర్కం బొమ్మ వేస్తే, చాలాసార్లు ఆ పువ్వు మీద వాలిన ఈగ మనది కాదు. ఒళ్లంతా దట్టమైన బొచ్చు, నలుపు పసుపు పట్టీలు, బూరెలా ఉబ్బిన పొట్ట. అది బంబుల్ బీ, చలి ప్రాంతాల ఈగ. ప్రపంచం మొత్తం మీద 250కి పైగా జాతులున్నాయి. మన దేశంలో హిమాలయాల్లోనూ ఈశాన్య కొండల్లోనూ ఉంటాయి గానీ తూర్పు కనుమల్లో లేవు. గజపతి జిల్లా మహేంద్రగిరి 1,501 మీటర్ల ఎత్తున్నా దాని మీదా లేవు. ఇంటర్నెట్‌లో వెతికితే ముందు వచ్చేది దాని బొమ్మే కాబట్టి మన పోస్టర్లకెక్కింది, అంతే.

దీంతో నష్టం లేదనుకోకండి. వంగతోటలో ఝుమ్మంటూ తిరిగే నల్ల తుమ్మెద పోస్టర్‌లోని బొమ్మకు ఎక్కడా పోలదు. పోలనప్పుడు అది రైతు కంటికి దూలాలు తొలిచే పురుగుగానే మిగులుతుంది, కనబడగానే చీపురు లేస్తుంది. గీసేవాళ్లు మన తుమ్మెదను ఆనవాలు పట్టేలా గీస్తే సగం పని అయినట్టే. మిగతా సగం ఎండుకొమ్మలకూ, వెదురు బొంగులకూ, మందు కొట్టే వేళకూ సంబంధించినది. రెండూ ఇక్కడ చెబుతున్నాం.

ముందు ఏ ఈగో తేల్చుకోండి

మనం తుమ్మెద, గండుతుమ్మెద అని పిలిచేవి ఎక్కువగా జైలోకోపా ప్రజాతివి. ఎండుకర్రను తొలిచి గూడు కట్టుకుంటాయి కాబట్టి వడ్రంగి ఈగలని కూడా అంటారు. బంబుల్ బీతో వీటిని విడదీసే గుర్తులు మూడు. మొదటిది పొట్ట. తుమ్మెద పొట్ట పైభాగం దాదాపు బోడిగా, నూనె రాసినట్టు మెరుస్తుంది. వెంట్రుకలు అంచుల్లోనూ కొసనా ఉంటాయి. బంబుల్ బీకి పొట్ట మీద కూడా బొచ్చే. రెండోది వెనక కాలు. ఆడ బంబుల్ బీ పిక్క వెడల్పుగా, నున్నగా ఉండి, తడిపిన పుప్పొడి ముద్ద అందులో కూర్చుంటుంది. తుమ్మెద వెనక కాలంతా గుబురు వెంట్రుకలే, పొడి పుప్పొడి వాటిలో చిక్కుకుంటుంది. మూడోది రెక్క. తుమ్మెద రెక్క ముదురు రంగులో ఉండి, ఎండ పడితే నీలం, ఊదా, ఆకుపచ్చ ఛాయలు తిరుగుతాయి.

తుమ్మెదల్లోనూ తేడాలున్నాయి. లాటిపెస్ అనే జాతి మూడు సెంటీమీటర్లు దాటుతుంది; దాని మగదానికి ముందుకాళ్ల పాదాలు వెడల్పుగా, లేత రంగులో, కుచ్చులాంటి వెంట్రుకలతో ఉంటాయి. ఇంకొన్ని జాతుల్లో ఆడది నల్లగా ఉండి ఉరం (తలకూ పొట్టకూ మధ్య భాగం) మీద మాత్రం నిమ్మపసుపు నూగు పరుచుకుంటుంది, మగది ఒళ్లంతా ఆకుపచ్చ కలిసిన పసుపు నూగుతో ఉంటుంది. ఆడా మగా పక్కపక్కన పెడితే రెండు వేరే జాతులనుకునేంత తేడా. పోస్టర్‌లో రెండూ గీయండి. మగదానికి ముల్లు లేదు, కుట్టలేదు. ముఖం ముందుకొచ్చి గాల్లో నిలబడి బెదిరించేది సాధారణంగా అదే. పిల్లలకు ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం భయం పోతుంది. ఆడది కుట్టగలదు గానీ చేత్తో పట్టుకుంటేనో గూడు నలిపితేనో తప్ప ఆ జోలికి రాదు.

పెద్దది గీయడం కష్టమనిపిస్తే నీలిపట్టీల ఈగతో, అంటే అమెజిల్లాతో మొదలుపెట్టొచ్చు. ఒక సెంటీమీటరు, ఇంకాస్త ఎక్కువ. నల్లని పొట్ట మీద నీలంగా మెరిసే అడ్డపట్టీలు, ఆడదానికి నాలుగు, మగదానికి ఐదు. ఇది మట్టిగోడల్లో, గట్టు మట్టిలో గూడు చేస్తుంది. దీని మగవి సాయంత్రం పూట ఎండుపుల్లను దవడలతో కరుచుకుని వరుసగా వేలాడుతూ నిద్రపోతాయి, పొద్దుటిదాకా కదలవు. కదలని బతికిన ఈగ గీసేవాడికి దొరకడం అరుదు, ఆ అవకాశం వదులుకోకండి.

చూడటం, కొలవడం, ఫోటో తీయడం

వంగ, టమాటా, కంది, జనుము, బీర, మునగ, కానుగ, రేల, తంగేడు, జిల్లేడు: వీటిలో ఏది పూసినా తుమ్మెద వస్తుంది. పొద్దున 6:30 నుంచి 9:30 మధ్య కూర్చోండి. ఎండ ముదిరాక అది పువ్వు మీద క్షణం కూడా నిలవదు. నీడ దాని మీద పడితే లేచిపోతుంది కాబట్టి సూర్యుడు మీకు పక్కన ఉండేలా చూసుకోండి, వీపు వెనక కాదు.

ఫోన్ కెమెరా చాలు. క్లిప్ మాక్రో లెన్సు ఉంటే మేలు గానీ దానితో రెండు మూడు అంగుళాల దగ్గరికి వెళ్లాలి, తుమ్మెద ఒప్పుకోదు. ఆ లెన్సు చచ్చిన నమూనాకూ, నిద్రపోయే నీలిపట్టీల ఈగకూ ఉంచుకోండి. ఎగిరేదానికి మామూలు లెన్సుతో 2 రెట్ల జూమ్, షట్టర్ వేగం 1/1000 లేదా ఇంకా ఎక్కువ, వరుస షాట్లు. ఐదు కోణాలు కావాలి: నిట్టనిలువుగా పైనుంచి, ఎడమ పక్కనుంచి, ముఖం ఎదురుగా, వెనక కాలు దగ్గరగా, రెక్క విప్పినప్పుడు. ఎక్కువమంది పైనుంచే తీసుకుని ఇంటికొస్తారు. తర్వాత కాళ్లు ఎక్కడ మొలిచాయో తెలియక ఊహించి గీస్తారు. అదే వాలిన పువ్వునూ, అదే ఆకునూ స్కేలు పక్కన పెట్టి ఒక ఫోటో తీసుకోండి, కొలత అందులోంచి వస్తుంది.

నోటుబుక్కులో రంగు అక్కడికక్కడే రాయండి. ఫోన్ నలుపును చప్పగా, పసుపును మరీ గాఢంగా చూపిస్తుంది. "ఉరం పసుపు: పండిన నిమ్మ, అంచున బూడిద" అని రాసుకున్న మాట తర్వాత ఫోటోకన్నా ఎక్కువ పనికొస్తుంది.

వివరాలకు నమూనా కావాలంటే చంపక్కర్లేదు. వరండా దీపం కింద, కిటికీ గూట్లో, మందు కొట్టిన మర్నాడు తోట గట్టున చచ్చినవి దొరుకుతాయి. గట్టిపడిపోయినదాన్ని లాగితే కాలు విరిగి చేతికొస్తుంది. మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో తడి దూది పరిచి, దాని మీద చిన్న మూత బోర్లించి, ఆ మూత మీద ఈగను పెట్టండి. దూదిలో రెండు చుక్కల డెట్టాల్ వేస్తే బూజు పట్టదు. ఒక పగలూ రాత్రీ అలా ఉంచితే కీళ్లు సాగుతాయి. తర్వాత థర్మోకోల్ మీద సూదులతో కాళ్లూ రెక్కలూ సర్ది, నాలుగైదు రోజులు నీడలో ఆరనివ్వండి. గుచ్చాల్సిన సూది ఉరం మధ్యలోంచి కాదు, కాస్త కుడికి. అప్పుడు ఒక పక్కైనా పాడవకుండా మిగులుతుంది. వానాకాలంలో బూజు, ఏడాది పొడవునా చీమలు: బిగుతు డబ్బా, అందులో నాఫ్తలీన్ గోళీ తప్పవు. రిజర్వు అడవిలో బతికినవాటిని పట్టుకోవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి, కాబట్టి ఆ ఆలోచనే వద్దు.

పెన్సిల్ పని

కాగితం 300 జీఎస్ఎం, నున్నని హాట్ ప్రెస్ రకం. గరుకు కాగితం మీద సన్నని వెంట్రుక గీత తెగిపోతుంది. నలుపు తెలుపులో సిరా బొమ్మే చాలనుకుంటే ఐవరీ కార్డు సరిపోతుంది, ధర కూడా తక్కువ. దాని మీద నీటి రంగు మాత్రం వేయకండి, పొర లేచిపోతుంది. 2హెచ్, హెచ్‌బీ పెన్సిళ్లు, మెత్తని ముద్ద రబ్బరు, 0.05, 0.1, 0.3 సైజు నీటికి చెదరని పెన్నులు, 0, 2, 4 నంబరు గుండ్రటి కుంచెలు, 10 రెట్ల భూతద్దం. జులై నుంచి అక్టోబరు దాకా ఇక్కడి గాలిలో తేమకు కాగితం నీరు పీల్చి సిరా అంచులు పాకిపోతాయి. కాగితాన్ని పాలిథిన్ సంచిలో, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి ఉంచండి.

ముందు ఎంత పెద్దగా గీయాలో లెక్క తేల్చండి. ఈగ పొడవు 22 మిల్లీమీటర్లు, 5 రెట్లు గీద్దామనుకుంటే కాగితం మీద 110 మిల్లీమీటర్లు. పక్కనే 25 మిల్లీమీటర్ల గీత గీసి "5 మి.మీ." అని రాయండి. "5 రెట్లు" అని మాత్రం రాయొద్దు. ప్రింటువాడు బొమ్మ తగ్గించగానే ఆ మాట అబద్ధమైపోతుంది, కొలగీత మాత్రం బొమ్మతోపాటే తగ్గుతుంది.

మధ్యలో నిలువు గీత. దాని మీద ఫోటోలోంచి కొలిచిన మూడు ముక్కలు: తల, ఉరం, పొట్ట. తల పొడవు తక్కువ, వెడల్పు ఎక్కువ. గుండ్రంగా గీస్తే వెంటనే ఈగ ముసుగేసుకున్న చీమలా తయారవుతుంది. ఒక పక్క సగమే గీసి, ట్రేసింగ్ కాగితం మడిచి రెండో సగం దింపండి. రెండు పక్కలూ విడివిడిగా గీస్తే ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా ఒక రెక్క కిందికి జారుతుంది.

ఇప్పుడు తప్పులు ఎక్కువగా దొర్లే చోట్లు.

కాళ్లు ఆరూ, రెక్కలు నాలుగూ ఉరంలోంచే వస్తాయి. పొట్టకు ఏదీ అతకదు. వెనక కాళ్లను పొట్టకు తగిలించడం బడి గోడ మీద మామూలుగా కనిపించే తప్పు. రెక్కలు రెండే గీస్తే అది ఇంటి ఈగ అవుతుంది. ముందు రెక్క పెద్దది, వెనక రెక్క చిన్నది. వెనక రెక్క ముందంచున చిన్న కొక్కాల వరుస ఉండి, ఎగిరేటప్పుడు రెండింటినీ ఒకటిగా తగిలించి ఉంచుతుంది. అందుకని విప్పిన రెక్కల మధ్య ఖాళీ వదలకండి.

మీసం నిటారు పుల్ల కాదు. తల దగ్గర పొడుగాటి ఒక కణుపు, అక్కడ మోచేతిలా వంపు, ఆపైన చిన్న కణుపులు. ఆడదానికి మొత్తం 12, మగదానికి 13. కొసన ఉండ పెడితే సీతాకోకచిలుక మీసమవుతుంది. పొట్ట పైనుంచి చూస్తే ఆడదానికి 6 పట్టీలు, మగదానికి 7, ముందుది వెనకదాని మీదికి పెంకులా కప్పుతుంది. కళ్లు తల పక్కల నిలువుగా సాగి ఉంటాయి. నడినెత్తిన మూడు చిన్న కళ్లు త్రికోణంలో ఉంటాయి, వాటిని మరవకండి. చాలా జాతుల్లో మగదాని పెద్ద కళ్లు నెత్తిమీద బాగా దగ్గరికి వస్తాయి. కాలిలో తొడ, పిక్క, పాదం విడివిడిగా కనిపించాలి. పాదంలో 5 కణుపులు, చివర రెండు గోళ్లు.

రెక్క నరాలు ఊహించి గీయొద్దు. తుమ్మెద ముందు రెక్క పైఅంచున ఒక గది పొడుగ్గా, సన్నగా, కొస తేలి ఉంటుంది. దాని కింద వరుసగా మూడు గదులు. ఆ తర్వాత బయటి అంచుదాకా నరాల్లేని మైదానం. ఆ ఖాళీలో కూడా గళ్లు గీసేసి తూనీగ రెక్క చేస్తుంటారు. రెక్కను తెల్లకాగితం మీద పెట్టి ఫోటో తీసి, ఫోన్ తెర మీద పెద్దది చేసుకుని, గది తర్వాత గది దింపుకోవడమే దారి.

రంగు

నలుపు గొట్టంలోంచి తీసి పూస్తే తుమ్మెద బొగ్గుముక్క అవుతుంది. అల్ట్రామెరీన్ నీలం, బర్న్‌ట్ అంబర్ కలిపి నలుపు తయారుచేయండి. నీలం కొద్దిగా ఎక్కువైతే చల్లని నలుపు, గోధుమ ఎక్కువైతే వెచ్చనిది. పలచగా మూడు పొరలు, ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకొకటి. తొందరపడితే కింది పొర లేచి మచ్చలు పడతాయి.

మెరుపు రంగుతో రాదు, వదిలేసిన కాగితంతో వస్తుంది. పొట్ట మీది ప్రతి పట్టీకి విడిగా ఒక మెరుపు ఉంటుంది, పట్టీ అంచు దగ్గర అది తెగుతుంది. పొట్టంతటి మీదుగా ఒకే పొడుగు తెల్లగీత లాగితే పట్టీలున్నాయన్న భావమే పోతుంది. ఆ తెలుపుకు ఒక పక్కన చాలా పలచని ఆకాశనీలం తాకించండి. ఆరుబయట తుమ్మెద వీపు మీద కనిపించేది ఆకాశమే కదా.

రెక్కకు ముందు నీళ్లు రాసి, తడి మెరుస్తుండగానే పలచని గోధుమ ఊదా వేయండి. అది ఆరకముందే మొదట్లో నీలం ఊదా, అంచు వైపు ఆకుపచ్చ చుక్కలుగా తాకించి వదిలేయండి, కుంచెతో కలపొద్దు. కలిపితే బురదరంగు మిగులుతుంది. పూర్తిగా ఆరాక ముదురు గోధుమతో నరాలు. రెక్క పొట్టను కప్పిన చోట పట్టీల అంచులు లీలగా కనబడాలి.

ఉరం మీది పసుపు నూగుకు నల్లరంగు మీద పసుపు పూయడం కుదరదు, అది ఆకుపచ్చగా చచ్చిపోతుంది. ముందు నిమ్మపసుపు, యెల్లో ఆకర్ కలిపిన పలచని పూత, తర్వాత వెంట్రుకల మధ్య సందులను ముదురు రంగుతో దించడం. చివరగా తెల్ల గ్వాష్‌లో కొద్ది పసుపు కలిపి, 0 నంబరు కుంచెతో విడి వెంట్రుకలు పదో పదిహేనో. వెంట్రుకలు ఉరం మధ్యనుంచి బయటికీ వెనక్కీ వాలతాయి. అన్నీ ఒకే పొడవు, ఒకే దిక్కు గీస్తే బ్రష్షు అవుతుంది.

పువ్వుతో కలిపి గీయండి

ఈగ ఒక్కటే ఉన్న బొమ్మను రైతు చూసి వెళ్లిపోతాడు. వంగపువ్వు మీద ఉన్నదాన్ని చూసి ఆగుతాడు. వంగ, టమాటా పూలలో పుప్పొడి ఊరికే రాలదు. వంగలో కేసరాల కొసన ఉన్న చిన్న రంధ్రాల్లోంచి, టమాటాలో కేసరాలన్నీ కలిసిన గొట్టం కొసలోంచి ఉప్పుడబ్బాలోంచి రాలినట్టు రావాలి. తుమ్మెద, నీలిపట్టీల ఈగ ఆ కేసరాల గుత్తిని కాళ్లతో, దవడలతో పట్టుకుని, రెక్కలు ఆడించకుండా రెక్కల కండరాలను మాత్రం వణికిస్తాయి. ఎగిరేటప్పటి రొదకన్నా సన్నని, గట్టి ధ్వని వినిపిస్తుంది, పుప్పొడి దాని పొట్ట మీదికి కురుస్తుంది. మామూలు తేనెటీగలకు ఈ విద్య రాదు. వంగ తనంతట తాను కూడా కాయగలదు, కానీ ఈ వణుకు దొరికిన పూలు కాయ బాగా నిలబెడతాయి.

కాబట్టి భంగిమ ముఖ్యం. పువ్వు కిందికి వాలి ఉంటుంది, తుమ్మెద దాన్ని కిందనుంచి కౌగిలించుకుని వేలాడుతుంది, రెక్కలు వీపు మీద ముడిచి ఉంటాయి. పైన కూర్చుని రెక్కలు చాపినట్టు గీస్తే జరుగుతున్న పనే బొమ్మలో ఉండదు. వంగపూలలో కీలం (కేసరాల మధ్య ఉండే ఆడ కాడ) కేసరాలను దాటి బయటికొచ్చినవీ, లోపలే ఉండిపోయినవీ ఉంటాయి. కాయ కట్టేవి సాధారణంగా మొదటి రకం, అవే గీయండి.

పోస్టరు చేసేటప్పుడు

అసలు బొమ్మ ప్రింటు సైజుకన్నా ఒకటిన్నర రెట్లు పెద్దదిగా ఉంటే తగ్గించినప్పుడు గీత బిగుస్తుంది. స్కాన్ 600 డీపీఐ. ఫోన్‌తో తీసిన ఫోటోను ఫ్లెక్సుకు ఇస్తే నలుపంతా ముద్దై మెరుపు పోతుంది. ఫ్లెక్సు ఎలాగూ రెండు ఎండాకాలాలకు వెలుస్తుంది. ఎరువుల దుకాణంలో, అంగన్‌వాడీలో, పంచాయతీ ఆఫీసులో లోపలి గోడకు ఏ3 సైజు కాగితం ప్రింటు మేలు.

మన ఊళ్లలో పెద్దవాళ్లు తెలుగు చదువుతారు, పిల్లలు బడిలో ఒడియా చదువుతారు. రెండు లిపుల్లోనూ పేరు ఉండాలి: తెలుగులో తుమ్మెద, ఒడియాలో భఅఁర. ఒడియా అక్షరాలను తెలిసినవాళ్లతో దిద్దించాకే ప్రింటుకు పంపండి. జాతి ఖాయంగా తెలియకపోతే శాస్త్రీయ నామం జైలోకోపా దగ్గరే ఆపండి, తప్పు జాతి పేరుకన్నా అదే గౌరవం. రాసే మాటలు మూడు చాలు: ఇది ఏమిటి, ఏ పంటకు ఏం చేస్తుంది, దీనికోసం మీరు ఏం వదిలిపెట్టాలి.

సవరల గోడబొమ్మల శైలిలో గీస్తే అందంగా ఉంటుందని కొందరు సలహా ఇస్తారు. ఆ ఇడితాల్ బొమ్మలు వాళ్లకు పూజలో భాగం, అలంకారం కాదు. సవర చిత్రకారులే ముందుకొచ్చి గీస్తే ఆ సంగతి వేరు.

గూడు మిగల్చడం

తుమ్మెద కర్ర తినదు. ఎండుకర్రలోనో బొంగులోనో సొరంగం చేసి, పుప్పొడీ మకరందం కలిపిన ముద్ద ఒకటి పెట్టి, దాని మీద ఒక గుడ్డు పెట్టి, రంపపు పొట్టుతో అడ్డుగోడ కట్టి, మళ్లీ ఇంకో గది మొదలుపెడుతుంది. ఒక సొరంగంలో గదులు మామూలుగా పదిలోపే. తేనెటీగ రాణి మంచి కాలంలో రోజుకు వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది. అందుకే ఇక్కడ ఒక్క ఎండుకొమ్మ పొయ్యిలోకి పోవడం కూడా లెక్కే.

అన్నిటికన్నా తేలికైన పని ఏమీ చేయకుండా ఉండటం. గట్టు మీద ఎండిన మునగ, మామిడి, సుబాబుల్ కొమ్మ మనుషుల మీద పడే ప్రమాదం లేని చోట ఉంటే అలాగే నిలబడనివ్వండి. కిత్తనార కంచెలో ఎండిపోయిన పూల కాడ తుమ్మెదకు ఇష్టమైన ఇల్లు, దాన్ని నరకొద్దు. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను ఈ జిల్లాల్లో చెట్లను ఎలా కూల్చిందో అందరికీ తెలుసు. అలాంటి తుపాను తర్వాత దారికి అడ్డమైనవి తీయాల్సిందే గానీ, తోట మూలన ఒకటి రెండు మొద్దులు నేలకు తగలకుండా రాళ్ల మీద ఎత్తి ఉంచండి. నేలకు ఆనితే చెదలు ముందు వస్తాయి.

మార్చి, ఏప్రిల్‌లో పోడుకూ గట్ల శుభ్రతకూ పెట్టే మంటల్లో ఈ ఎండుకాడలే ముందు అంటుకుంటాయి. నిప్పు పెట్టేముందు గుండ్రటి రంధ్రం, కింద తాజా పొట్టు ఉన్న కొమ్మలను ఏరి పక్కన పెట్టండి. కట్టెలు చీలుస్తుంటే గూడు బయటపడితే రెండు చెక్కలనూ మళ్లీ కలిపి తాడుతో బిగించి, వాన తగలని నీడలో, రంధ్రం ఉన్న తీరులోనే కట్టేయండి. లోపలి గదులు చెక్కుచెదరకపోతే పిల్లలు బయటికొస్తాయి.

బొంగుల గూడు కట్టాలంటే: బాగా ఎండిన వెదురు, లోపలి వ్యాసం 12 నుంచి 18 మిల్లీమీటర్లు, పొడవు 20 నుంచి 25 సెంటీమీటర్లు. కణుపుకు కాస్త అవతల కోస్తే ఒక కొస మూసుకుని ఉంటుంది, రెండో కొస తెరిచి ఉంటుంది. రెండు వైపులా తెరిచినదాన్ని ఈగ ముట్టదు. పచ్చి వెదురులో బూజు పడుతుంది. తెరిచిన కొసను ఉప్పుకాగితంతో నునుపు చేయండి, ఈనెలు ఉంటే రెక్కలు చీరుకుపోతాయి. పది పదిహేను బొంగులు ఒక కట్ట. తూర్పు ముఖంగా, చూరు కింద, నేలకు ఒకటిన్నర మీటర్ల ఎత్తున, తెరిచిన కొస వెంట్రుకవాసి కిందికి వంచి, ఊగకుండా బిగించండి. ఊగే కట్టలోకి రావు. గుంజకు గ్రీజు పట్టీ రాస్తే చీమలు ఎక్కవు. ఆకుకత్తెర ఈగలకు 6 నుంచి 9 మిల్లీమీటర్ల సన్న బొంగులు, పొడవు 12 నుంచి 15 సెంటీమీటర్లు. ఇవి గులాబీ, కంది ఆకులను గుండ్రంగా కత్తిరించుకుపోతాయి, పంటకు నష్టమేమీ లేదు, పైగా కందిపూలకు పని చేసేవాటిలో ఇవీ ఉన్నాయి.

వంద బొంగులతో ఒక పెద్ద గూడు పెట్టి ఫోటో దిగడం ఇప్పుడు ఫ్యాషన్. ఒకేచోట గుమిగూడితే పరాన్నజీవి కందిరీగలకూ బూజుకూ పండగ. పది బొంగుల కట్టలు తోటకు నాలుగు మూలలా పెట్టడం మంచిది. పిల్లలు బయటికెళ్లిపోయిన పాత బొంగులను రెండేళ్లకోసారి మార్చండి.

నీలిపట్టీల ఈగకు మట్టి కావాలి. మూడు పాళ్లు మన గోడమట్టి, ఒక పాలు ఇసుక, సిమెంటు అసలు వద్దు. ఇటుక అచ్చులో పోసి, సగం ఆరాక పెన్సిల్‌తో రెండు మూడు సెంటీమీటర్ల లోతు గుంటలు నాలుగు పెట్టి, పూర్తిగా ఎండాక వాన పడని చూరు కింద పేర్చండి. గోటితో గీస్తే మట్టి రాలాలి. రాలకపోతే ఈగ కూడా తవ్వలేదు, ఇసుక పాలు పెంచి మళ్లీ పోయండి. పక్కన తులసి కుండీ పెడితే అది పూసినప్పుడల్లా వస్తాయి.

ఇంటి దూలం తొలుస్తోందన్న గొడవ నిజమే. పెంకుటింట్లో రంగు లేని పాత వాసాలు దానికి నచ్చుతాయి. రంగో వార్నిషో రెండు పూతలు వేసిన కర్రను సాధారణంగా వదిలేస్తుంది. ఇప్పటికే ఉన్న రంధ్రంలో కిరోసిన్ పోయకండి. రాకపోకలు నాలుగైదు వారాలు పూర్తిగా ఆగి, కింద కొత్త పొట్టు కనిపించనప్పుడు కర్రబిళ్ల కొట్టి, రంగు పూయండి. ఆ పని మొదలుపెట్టే ముందే దగ్గర్లో బొంగుల కట్ట వేలాడదీస్తే వెళ్లడానికి దానికో చోటుంటుంది.

పూలు, మందులు

ఏడాది పొడవునా ఏదో ఒకటి పూయాలి. ఫిబ్రవరి, మార్చిలో మునగ, జీడి. వేసవిలో కానుగ, రేల. వానల్లో బీర, గుమ్మడి. అక్టోబరు, నవంబరులో వలిసెలు, ఆ వెంటనే కంది. సందుల్లో జిల్లేడు ఆదుకుంటుంది. గట్టు మీది జిల్లేడునూ తంగేడునూ కలుపుమందుతో తగలెయ్యొద్దు. వలిసెల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. అది తన పుప్పొడితో తాను గింజ కట్టలేదు, పక్క మొక్క పుప్పొడి కావాలి. దాన్ని తెచ్చేవి ఈగలే.

వంగలో మొవ్వు, కాయ తొలిచే పురుగుకు వారం వారం మందు కొట్టడమే తుమ్మెదకు అసలు దెబ్బ. వాడిన మొవ్వులను వారానికోసారి తుంచి కాల్చేయడం, లింగాకర్షక బుట్టలు పెట్టడం ముందు చేయండి. మందు తప్పకపోతే పొద్దుగూకి ఈగలు వెళ్లాకే కొట్టండి. అయితే ఇమిడాక్లోప్రిడ్ లాంటి మొక్కలోకి ఇంకే మందులకు ఈ జాగ్రత్త సరిపోదు, అవి పుప్పొడిలోకీ మకరందంలోకీ చేరతాయి. పూతకొచ్చిన తోటలో వాటి జోలికి పోవద్దు.

బంబుల్ బీ పెట్టెలు తెప్పించి టమాటాలో వదులుదామన్న ఆలోచన ఎవరికైనా వస్తే ఆపండి. చిలీలో ఐరోపా జాతిని అలా దించాక అక్కడి సొంత జాతి దాహ్ల్‌బోమీ చాలాచోట్ల కనుమరుగైంది.

తీసిన ఫోటోలను తేదీ, ఊరు, పువ్వు పేరుతో ఐనాచురలిస్ట్ అనే ప్రకృతి పరిశీలనల వెబ్‌సైట్‌లో పెట్టండి. మీరు గీసిన బొమ్మ అక్కడ రుజువుగా నిలవదు, ఫోటోయే కావాలి: పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, వీలైతే ముఖం. గూడు దొరికిన చోటైతే కర్ర పేరు, రంధ్రం వ్యాసం, నేలనుంచి ఎత్తు కూడా రాయండి. వచ్చే ఏడాది బొంగులు ఏ కొలతలో కోయాలో ఆ మూడు వివరాలే చెబుతాయి.